మూత మూసినా ఆగని ల్యాప్‌టాప్: లీలామహల్ దగ్గరి రిపేర్ షాపు గురించి

స్క్రీన్ మార్చడానికి ఆరున్నర వేలు అన్నారు మొదట వెళ్లిన షాపులో, అది కూడా సరిగ్గా తెరిచి చూడకుండానే. నాది ఐదేళ్ల పాత ల్యాప్‌టాప్. ఎడమ పక్క హింజ్, అంటే మూత కీలు, విరిగింది, స్క్రీన్ మీద పైనుంచి కింద దాకా పచ్చ గీతలు. మిగతాదంతా బాగుంది. మా అబ్బాయి హాస్టల్‌కి వెళ్లాక ఇంట్లో మానిటర్ ఒకటి ఊరికే పడి ఉంది కదా, దానికి తగిలించి మూత మూసేసి పని చేసుకుందాం అనుకుంటే, మూత వేసిన మరుక్షణం మానిటర్ కూడా నల్లబడిపోతోంది. పెళ్లిళ్ల సీజన్. డీటీపీ పని రాత్రి పదకొండు దాకా ఉంటుంది, పెళ్లి పత్రికల ఫైళ్లు శివకాశి ప్రెస్‌కి టైముకి పంపాలి, ఆ వారం పడిన టెన్షన్ అంతా ఇంతా కాదు.

తిరుపతి కొర్లగుంటలో మా పక్కింటావిడ చెప్పింది ఈ షాపు గురించి. లీలామహల్ సర్కిల్ దగ్గర సందులో, మేడ మీద. బోర్డు మీద ‘ల్యాప్‌టాప్, ప్రింటర్ సర్వీస్’ అని తప్ప పేరేమీ లేదు. ఇద్దరు కూర్చుంటే మూడో మనిషి మెట్ల మీద నిలబడాల్సిందే. రిపేర్ చేసే అబ్బాయికి పాతికేళ్లు కూడా ఉండవేమో.

విషయం చెప్పి, స్క్రీన్ మార్చాలా అని అడిగాను. ‘‘ఇంట్లో మానిటర్ పెట్టుకొని, స్క్రీన్ మార్చేది ఎందుకక్కా?’’ అన్నాడు. నాకు నచ్చింది అక్కడే. ఆరువేల బేరం చేతికొచ్చినా వద్దన్న మనిషి.

ఆ తర్వాత చేసింది చూడాల్సిందే. పాత స్పీకర్లోంచి తీసిన చిన్న అయస్కాంతం ముక్క పట్టుకొని, కీబోర్డు కింద చేతులు ఆనించే చోట అంచు వెంబడి మెల్లగా జరుపుకుంటూ పోయాడు. టచ్‌ప్యాడ్ దాటి కుడి పక్కకి వచ్చేసరికి స్క్రీన్ టక్కున ఆరిపోయింది. ‘‘ఇక్కడుందక్కా సెన్సార్’’ అన్నాడు. మూత అంచులో అయస్కాంతం ఉంటుందట, కింద అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సార్ ఉంటుందట, రెండూ దగ్గరికొస్తే మూత పడిందని ల్యాప్‌టాప్‌కి తెలుస్తుంది. హింజ్ విరిగి మూత పక్కకి జరగడంతో అది ఒకసారి మూసినట్టు, ఒకసారి తెరిచినట్టు అనుకుంటోంది. ఇంకో సంగతి కూడా అప్పుడే తేలింది. నా ఫోను కవరుకి అయస్కాంతం బటన్ ఉంది, పని చేస్తూ ఫోన్ సరిగ్గా ఆ చోటే పెడతాను, ల్యాప్‌టాప్ దానంతటదే నిద్రపోయేది. వైరస్ అని రెండు నెలలు కంగారుపడ్డాను.

ఇక విండోస్‌లో సెట్టింగ్. కంట్రోల్ ప్యానెల్లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి, మూత మూస్తే ఏం చేయాలి అని ఎడమ పక్కన ఉండేది నొక్కితే, బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఒకటి, చార్జర్ పెట్టినప్పుడు ఒకటి, రెండు వరసలు వస్తాయి. చార్జర్ వరసలో స్లీప్ తీసేసి ‘డు నథింగ్’ (ఏమీ చేయొద్దు) పెట్టి సేవ్ చేశాడు. బ్యాటరీ వరస ముట్టుకోలేదు. దాన్ని కూడా మారిస్తే బ్యాగులో పెట్టాక కూడా ల్యాప్‌టాప్ నడుస్తూనే ఉంటుంది, గాలాడక కాలిపోతుంది అన్నాడు. మళ్లీ అదే చోట అయస్కాంతం పెడితే ల్యాప్‌టాప్ స్క్రీన్ ఆరింది, షాపు మానిటర్ మాత్రం వెలుగుతూనే ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

అసలు ఆ మూతే పీకేస్తే పోదా అని కూడా అడిగాను. వద్దన్నాడు, వైఫై యాంటెనా వైర్లు స్క్రీన్ చుట్టూ అంచుల్లో ఉంటాయి, మూత తీసేస్తే సిగ్నల్ పడిపోతుందని. హింజ్ బిగించి, విరిగిన చోట గమ్ము వేసి, మూత సరిగ్గా కూర్చునేలా చేశాడు. ఆరు వందలు తీసుకున్నాడు. సెట్టింగ్‌కి ఒక్క రూపాయి అడగలేదు. నాకంటే ముందొచ్చిన ఇంజినీరింగ్ కుర్రాడి ల్యాప్‌టాప్‌లో విండోస్ బదులు ఉబుంటు అనే లినక్స్ ఉంది, దాంట్లో లాగిన్‌డి కాన్ఫ్ అనే సెట్టింగుల ఫైలు తెరిచి హ్యాండిల్ లిడ్ స్విచ్ దగ్గర ఇగ్నోర్ అని రాసి రీస్టార్ట్ చేసి ఇచ్చాడు. మ్యాక్‌బుక్ వాళ్లకైతే చార్జర్, బయటి మానిటర్, కీబోర్డు, మౌస్ నాలుగూ తగిలిస్తే చాలు, మూత మూసినా నడుస్తుంది.

అన్నీ బాగున్నాయని చెప్పను. ఆ రాత్రే ప్రెస్‌కి పెద్ద ఫైలు అప్‌లోడ్ పెట్టి పడుకుంటే పొద్దునకి సగంలో ఆగిపోయి ఉంది. మూత సంగతి వేరు, కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే స్లీప్‌లోకి వెళ్లే టైము వేరు, రెండోదాన్ని చార్జర్ వరసలో ‘నెవర్’ పెట్టాలి. ఫోన్ చేస్తే వెంటనే చెప్పాడు గానీ, ముందే చెప్పి ఉంటే నాకు ఒక రోజు మిగిలేది. పవర్ బటన్ మూత లోపలే ఉంటుంది కాబట్టి ఆన్ చేయడానికి ప్రతిసారీ తెరవాల్సిందే. కెమెరా కూడా అంతే, వీడియో కాల్ కావాలంటే విడిగా కొనుక్కోవాలి. ఇవి కూడా ఇంటికొచ్చాకే తెలిశాయి. బిల్లు అడిగితే చీటీ రాసిచ్చాడు, వారంటీ మాట లేదు.

వేడి గురించి మాత్రం నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే మన తిరుపతి ఎండలు తెలిసినవే, మే నెలలో నలభై దాటుతుంది. మా అత్తయ్య దుమ్ము పడుతుందని మూసిన ల్యాప్‌టాప్ మీద అల్లిక గుడ్డ కప్పింది. గంటలో ఫ్యాన్ హోరుమంటోంది, చెయ్యి పెడితే అట్టు పెనంలా ఉంది. కొన్ని మోడళ్లలో వేడి కొంత కీబోర్డు మీదుగా కూడా పోతుంది, మూత వేస్తే ఆ దారి మూసుకుపోతుంది. ఇప్పుడు వంటింట్లో పళ్లేలు నిలబెట్టే స్టీలు స్టాండులో, గాలి వచ్చే కంతలకి ఏదీ అడ్డం లేకుండా నిలబెట్టాను. ఫ్యాన్ గోల తగ్గింది. రోజంతా చార్జర్‌లోనే ఉంటుంది కాబట్టి కంపెనీ యాప్‌లో చార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా పెట్టుకున్నాను. చాలా ల్యాప్‌టాపుల్లో ఆ సెట్టింగ్ ఉంటుంది, చూసుకోండి. అడుగు భాగం ఉబ్బినట్టు గానీ టచ్‌ప్యాడ్ లేచినట్టు గానీ కనిపిస్తే బ్యాటరీ పాడైనట్టే, వాడటం ఆపేసి చూపించండి.

మూడు నెలలైంది, రోజుకి పది గంటలు నడుస్తోంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా షాపు మూసేస్తారు. వెళ్లేటప్పుడు చార్జర్‌తో పాటు మీ మానిటర్ కేబులు కూడా పట్టుకెళ్లండి, అక్కడే తగిలించి, మూత వేసి చూపిస్తాడు.