హైరిస్క్ గర్భిణుల వైద్యంలో ఫెలోషిప్‌కు డబ్బు కట్టే ముందు ఇది చదవండి

ప్రసూతి వైద్యంలో పీజీ పూర్తిచేసి, హైరిస్క్ గర్భిణుల వైద్యంలో ప్రత్యేక శిక్షణ కోసం వెతుకుతున్న వారికోసం ఇది రాస్తున్నాను. దాచుకున్న డబ్బంతా పెట్టి, ఏడాది కాలం ధారపోసి ఒక ఫెలోషిప్ చేశాను. మోసపోయాను. ఆ సంస్థ పేరు రాయడం లేదు. పేరు చెబితే ఆ ఒక్క చోటును తప్పించుకుంటారు, అదే పద్ధతి మరో పేరుతో ఎదురైతే మళ్లీ చిక్కుకుంటారు. అందుకే ఎలా మోసపోయానో వివరంగా చెబుతాను.

ప్రకటన చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఉమ్మనీటి పరీక్ష, మాయ నుంచి చిన్న ముక్క తీసే పరీక్ష, కడుపులోని బిడ్డకు రక్తం ఎక్కించడం, ఒకే మాయను పంచుకునే కవలలకు లేజర్ చికిత్స, అన్నీ ఉన్నాయి. వాటి కింద ‘స్వయంగా చేసే అవకాశం’ అని పెద్ద అక్షరాల్లో రాశారు. ఆ ఆస్పత్రిలో ఏడాదికి అలాంటివి ఎన్ని జరుగుతాయని నేను అడగలేదు. వాటిని ఎంతమంది పంచుకోవాలనీ అడగలేదు. చేరాక తెలిసింది: మేము ఏడుగురం, స్కానింగ్ యంత్రం ఒకటి, సూది పట్టే పెద్ద డాక్టర్ ఒక్కరే.

పాఠాలు బాగానే చెప్పారు, ఆ మాట దాచను. 1963లో న్యూజిలాండ్‌లో విలియం లైలీ అనే వైద్యుడు కడుపులోని బిడ్డకు మొదటిసారి విజయవంతంగా రక్తం ఎక్కించిన తీరు గురించి ఒక పాఠం విన్నాను. స్కానింగ్ లేని ఆ రోజుల్లో ఎక్స్‌రే సాయంతో ఆ పని చేశారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, సరైన దారిలోనే వచ్చానని అనిపించింది. కానీ పాఠాలు ఈ రోజుల్లో డబ్బు పెట్టి కొనాల్సిన వస్తువు కాదు. లండన్‌లోని ఫీటల్ మెడిసిన్ ఫౌండేషన్ ఆన్‌లైన్ పాఠాలను ఉచితంగానే ఇస్తుంది. పైగా బిడ్డ మెడ వెనుక నీటి మందం కొలిచే స్కానింగ్‌కు యోగ్యతా పత్రం కావాలంటే పాఠం వింటే చాలదు, మన చేత్తో తీసిన చిత్రాలు పంపి వారిని మెప్పించాలి. ఫెలోషిప్‌కు మనం కట్టే డబ్బు మన చేతికి దొరికే పనికోసం, మన పక్కన నిలబడి తప్పు దిద్దే మనిషి కోసం. ఆ రెండూ లేకపోతే కట్టినది వృథా.

ఈ విద్య చేతిలో ఉంటుందని ఎందుకు అంటున్నానో ఒక ఉదాహరణ చెబుతాను. తల్లి రక్తం రీసస్ నెగెటివ్ అయి, బిడ్డ రక్తకణాలపై దాడి చేసే ప్రతిరక్షకాలు ఆమెలో తయారైతే బిడ్డకు రక్తహీనత రావచ్చు. ఒకప్పుడు అది తేల్చడానికి పదేపదే సూది గుచ్చేవారు. 2000లో జియాన్‌కార్లో మారి అనే వైద్యుడి బృందం ప్రచురించిన అధ్యయనం తర్వాత బిడ్డ మెదడులోని ఒక ధమనిలో రక్తవేగాన్ని డాప్లర్‌తో, అంటే రక్తం పారే వేగాన్ని చూపే స్కానింగ్‌తో, కొలిచి అంచనా వేస్తున్నాం. ఆ వేగం ఆ వయసు బిడ్డల్లో ఉండే మధ్యస్థ విలువకు ఒకటిన్నర రెట్లు దాటితే ఒక మోస్తరు నుంచి తీవ్రమైన రక్తహీనతను అనుమానించాలి. వినడానికి ఎంత తేలిక! డాప్లర్ గీత ఆ ధమని వెంట దాదాపు సూటిగా పడాలి. ప్రోబు, అంటే తల్లి పొట్ట మీద ఆనించే స్కానింగ్ పరికరం, కాస్త ఒరిగితే వేగం ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. బిడ్డ కదులుతుంది, తల తిప్పుతుంది, తల్లి ఊపిరి పీలుస్తుంది. తక్కువ చూపిన ఆ అంకెను నమ్మి ‘ఫర్వాలేదు’ అని ఇంటికి పంపితే నష్టపోయేది ఒక ప్రాణం. మణికట్టును ఎంత తిప్పాలో ఏ పుస్తకమూ చెప్పలేదు. వెనక వరుసలో నిలబడి తెర చూసినా రాదు. ఏడాదిలో ఆ కొలత నా చేత్తో తీసినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

మరి ఏడాదంతా ఏం చేశానంటే, రిపోర్టులు టైపు చేశాను. రోజుకు 40 వరకు. స్కానింగ్ చేసింది ఒకరు, కింద సంతకం నాది. మూడో నెలలో ధైర్యం చేసి అడిగితే ‘ఇదీ శిక్షణలో భాగమే’ అన్నారు. నేను చూడని బిడ్డ గుండె నాలుగు గదులూ సరిగ్గా ఉన్నాయని నా పేరుతో కాగితం బయటకు వెళ్లింది. రేపు ఆ బిడ్డకు లోపం బయటపడితే జవాబు చెప్పాల్సింది నేనే. ఎవరైనా మీ చేత ఇలా సంతకం చేయించబోతే అక్కడే ఆగిపోండి. నేను ఆగలేదు, దానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఇక తల్లి వైద్యం సంగతి. హైరిస్క్ అంటే స్కానింగ్ ఒక్కటే కాదు. గుండె జబ్బు, మధుమేహం, అధిక రక్తపోటు ఉన్న తల్లులు, పాత సిజేరియన్ కోతలోకి మాయ చొచ్చుకుపోయిన తల్లులు, వీళ్లందరినీ చూడటం రావాలి. మాకు ప్రసవ గదిలో గానీ ఐసీయూలో గానీ ఒక్క డ్యూటీ వేయలేదు. గుర్రపువాతం, అంటే గర్భిణికి రక్తపోటు పెరిగి వచ్చే మూర్ఛ, దాని ముప్పును మెగ్నీషియం సల్ఫేట్ సగానికి పైగా తగ్గిస్తుందని 2002లో వెలువడిన ‘మాగ్‌పై’ (Magpie) అనే అధ్యయనం తేల్చింది, అది మా అందరికీ కంఠతా వచ్చు. కానీ ఆ మందు ఎక్కుతున్న తల్లి దగ్గర రాత్రంతా కూర్చుని, మోకాలి కింద తట్టినప్పుడు కాలు కదులుతోందో లేదో, ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లు తీస్తోందో, మూత్రం ఎంత వస్తోందో చూస్తూ మందు ఎప్పుడు ఆపాలో నిర్ణయించడం వేరు. అది నేర్పకుండా ఈ విద్యకు సంబంధించిన పత్రం ఎలా ఇస్తారు?

లాగ్‌బుక్, అంటే శిక్షణలో ఏ ప్రక్రియ ఎన్నిసార్లు చేశామో రాసే పుస్తకం, దాని విషయం చెప్పాలి, నన్ను అన్నిటికంటే బాధపెట్టింది అదే. ప్రతి ప్రక్రియకూ మూడు గడులు ఉంటాయి: చూశాను, సహాయపడ్డాను, స్వయంగా చేశాను. ఉమ్మనీటి పరీక్ష దగ్గర మూడో గడిలో 2 అని రాశాను. జరిగింది అంతే. సంతకాల కోసం ఇచ్చిన పుస్తకం మూడు వారాల తర్వాత తిరిగి వచ్చింది. నేను నల్ల సిరాతో రాసిన 2 పక్కన నీలం సిరాతో మరో 2 చేరింది. దాని కింద ముద్ర, సంతకం. ఆఫీసులో అడిగితే, ‘అందరికీ అలాగే ఉంటుంది డాక్టర్ గారూ, మీకు మంచిదే కదా’ అన్నారు.

ఆ మంచి ఎలాంటిదో పత్రం వచ్చిన నాలుగో నెలలో తెలిసింది. పంతొమ్మిదో వారంలో కవలల తల్లి వచ్చింది. ఒకే మాయ, రెండు సంచులు. ఒక సంచిలో ఉమ్మనీటి లోతు 8 సెంటీమీటర్లు దాటింది, రెండో దానిలో 2 కూడా లేదు. అంటే మాయలోని రక్తనాళాల ద్వారా ఒక బిడ్డ రక్తం రెండో బిడ్డకు పోతోంది. అంతవరకు చదువు పనికొచ్చింది. నీరు తక్కువున్న బిడ్డకు మూత్రాశయం కనిపించలేదు. బొడ్డుతాడులో రక్తప్రవాహం ఆగి ఆగి వస్తోందా, సరిగ్గానే ఉందా అని అరగంట వెతికాను. తేల్చుకోలేకపోయాను. ‘ఇద్దరూ బాగున్నారా డాక్టర్ గారూ’ అని ఆమె రెండుసార్లు అడిగింది. జబ్బు రెండో దశలో ఉందని రాసి, లేజర్ చికిత్స చేసే కేంద్రానికి ఆ రోజే పంపించాను. అక్కడ చూసి, అంతకంటే ముదిరిన మూడో దశ అన్నారు. ఆ రోజే పంపాను కాబట్టి నా పొరపాటు ఆమెకు నష్టం చేయలేదు. ‘22 సార్లు చేశాను’ అనే కాగితాన్ని నమ్ముకుని నాలుగు రోజులు ఆగి చూద్దామని ఉంటే ఏమయ్యేదో తలుచుకోలేను.

మీరు చేరే ముందు అడగండి. గత ఏడాది ఏ ప్రక్రియ ఎన్నిసార్లు జరిగింది, ఫెలోలు ఎంతమంది, ఆ లెక్క రాతపూర్వకంగా కావాలనండి. వాళ్లు చెప్పిన సంఖ్యను ఫెలోల సంఖ్యతో భాగిస్తే సగం నిజం అక్కడే తేలుతుంది. గతంలో చేసినవారితో మాట్లాడండి, అయితే సంస్థ చూపించిన వారితో కాదు, మీరు వెతికి పట్టుకున్న వారితో. రెండు రోజులు స్కానింగ్ గదిలో నిలబడతామని అడగండి. ప్రోబు ఎవరి చేతిలో ఉందో చూడండి, అంతకు మించిన పరీక్ష లేదు. ఒప్పుకోకపోతే చేరవద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకుంటామంటే ససేమిరా ఇవ్వవద్దు. నావి పెట్టుకున్నారు, మధ్యలో బయటకు రాలేకపోవడానికి అదొక కారణం. మధ్యలో మానేస్తే ఎంత తిరిగి ఇస్తారో కాగితం మీద ఉండాలి. మీరు పనిచేయబోయే దేశంలోని వైద్య మండలి ఆ పత్రాన్ని గుర్తిస్తుందో లేదో మండలినే అడగండి, సంస్థను కాదు.

కాలవ్యవధిని కూడా పోల్చుకోండి. అమెరికాలో నాలుగేళ్ల ప్రసూతి వైద్య శిక్షణ తర్వాత ఈ ఫెలోషిప్ మూడేళ్లు. అందులో పరిశోధన కూడా తప్పనిసరి. కొన్ని వారాల్లో అన్నీ చేతికి వస్తాయని ఎవరైనా చెబితే, అది పరిచయ తరగతి మాత్రమే అనుకుని దానికి తగినంతే ఖర్చు పెట్టండి.

డబ్బు తిరిగి ఇవ్వమని రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. ఇప్పుడు వారానికి రెండు రోజులు వేరే ఆస్పత్రిలో ఒక సీనియర్ మేడమ్ పక్కన జీతం లేకుండా నిలబడుతున్నాను. మొదటి రోజే ప్రోబు నా చేతిలో పెట్టి, నా మణికట్టు మీద తన చేయి వేసి తిప్పారు.

ఇప్పటికే ఇలాంటి చోట చేరిపోయి ఉంటే, మీ లాగ్‌బుక్‌ను సంతకానికి ఇచ్చే ముందు ప్రతి పేజీకీ ఫోనులో ఫోటో తీసుకోండి, తేదీ కనిపించేలా. నేను తీయలేదు. నేను రాసింది 2 అని నిరూపించడానికి ఇప్పుడు నా దగ్గర ఏమీ లేదు.