గుడిస కొండ, పాత జీపు, తాళం వేసిన గేటు

గుడిస కొండ మీద సూర్యోదయం చూడ్డానికి వెళ్తూ ఆగిన మారేడుమిల్లిలో ఒక్క రాత్రి బసకు మా దగ్గర వసూలు చేసింది 4,950 రూపాయలు. ఫోనులో ఒప్పుకున్నది 3,500. పైన పడ్డ 1,450 కోసం అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. ఆ డబ్బు తీసుకున్నవాళ్లే తెల్లవారుజామున మమ్మల్ని గేటు లోపల పెట్టి తాళం వేసుకుపోయారు. నా కడుపుమంట అది.

మా బండి 1991 నాటి మహీంద్రా ఎంఎం 540. మా నాన్నగారు కొన్నది. ప్యూజో ఇంజను, 2,112 సీసీ, డీజిలు. పవర్ స్టీరింగు లేదు, ఏసీ లేదు, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. పదిహేనేళ్లు దాటిన బండి కాబట్టి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ అనే మరో యాత్ర కూడా ఉంటుంది, దాని గురించి ఇప్పుడు వద్దు. హైదరాబాదు నుంచి వచ్చిన మా బావమరిదికి ఆటోమేటిక్ కారు అలవాటు. జీపు ఎక్కగానే, "బావా, ఇందులో నీళ్ల సీసా ఎక్కడ పెట్టుకోవాలి?" అన్నాడు. "ఒళ్లో" అన్నాను. మా ఆవిడ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడమే నాకు భయం.

బయలుదేరే ముందు వారం రోజులు బండి రాజమహేంద్రవరంలో లారీ షెడ్ల మధ్య ఉన్న మా మేస్త్రి దగ్గరే ఉంది. ఆయన మొదటే బండి స్టార్ట్ చేయడు. కిందికి దూరి, ముందు చక్రాలకు ఇంజను బలం చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్టును రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ మెలితిప్పుతాడు. ఈసారి "టక్" మని చప్పుడు వచ్చింది. షాఫ్టు చివర కీలులా పనిచేసే క్రాసు విప్పి అరచేతిలో తట్టి చూపించాడు: లోపలి సూదిలాంటి రోలర్లు అరిగి, గ్రీజు ఎండి, ఎర్రటి పొడి రాలింది. "ఇది కొండ మీద విరిగితే ఎవరిని పిలుస్తారు?" అన్నాడు. రెండు క్రాసులూ మార్చాడు. గేరు బాక్సుకు, ఇంజను బలాన్ని ముందూ వెనకా పంచే ట్రాన్స్‌ఫర్ కేసుకు, ఒకే ఇరుసు మీది చక్రాలను వేర్వేరు వేగంతో తిరగనిచ్చే రెండు డిఫరెన్షియల్స్‌కు నూనె మార్చాడు. వీల్ సిలిండర్ల వాషర్లు, కమాన్ కట్టల బుష్‌లు, ఫ్యాన్ బెల్టు అన్నీ కొత్తవే. చివర్లో రేడియేటర్ పై హోసు కూడా మార్చాలన్నాడు. నొక్కి చూశాను, గట్టిగానే ఉంది. 280 రూపాయలు దండగ అన్నాను. వాదించుకున్నాం. నేనే గెలిచాను. బిల్లు 11,640 అయింది. అడుగున ఉన్న మొత్తం మాత్రం చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి దాదాపు 85 కిలోమీటర్లు. ఏ ఇబ్బందీ లేదు.

ఇక ఆ బస. ఫోనులో చెప్పింది నలుగురికి సరిపడే గది, వేడినీళ్లు, పార్కింగ్. 2,000 ముందే పంపించాం. వెళ్లి చూస్తే గదిలో మూడు మంచాలే ఉన్నాయి. నాలుగోదానికి 800. గీజరు ఉంది కానీ దాని వైరు గోడలోంచి బయటికి వచ్చి ఆగిపోయింది. వేడినీళ్లు బకెట్టు 50 చొప్పున నాలుగు బకెట్లు. పార్కింగ్ 200. "కార్లకు ఉచితం సార్, ఇది జీపు కదా" అన్నాడు మేనేజరు. వీటన్నిటికీ పైన చలిమంట పేరుతో 250 రాశాడు. మంట వేసుకున్నది పక్క గదివాళ్లు. దాని పొగ మాకు వచ్చింది, బహుశా అందుకే. రసీదు అడిగితే మందుల చీటీ వెనక రాసిచ్చాడు. మా ఆవిడ దాన్ని ఫోటో తీసి పెట్టుకుంది.

రాత్రి భోజనం మాత్రం అక్కడ చేయలేదు. రోడ్డు పక్క పాక దగ్గర ఒకావిడ మా కళ్ల ముందే పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిముక్కలు కూరి, మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద పెట్టింది. చుక్క నూనె వేయలేదు. ముప్పావుగంట బొంగును తిప్పుతూనే ఉంది. పై పచ్చదనమంతా నల్లబడి, మూతి దగ్గర ఆకుల్లోంచి ఆవిరి బుసకొట్టడం మొదలయ్యాక, దించి విస్తరిలోకి వంచింది. కోడి రసమూ వెదురు నీరూ కలిసి ముక్కలకు పట్టిన రుచి అది. కిలో 650. మా బావమరిది ఆ రోజంతట్లో మొదటిసారి ఫోను పక్కన పెట్టాడు. ఒక్కటి గుర్తుంచుకోండి: ముందే కాల్చి వరసగా పెట్టిన బొంగులు కొనకండి. వాటిని మళ్లీ వేడి చేసి ఇస్తారు, ముక్క పీచులా ఉంటుంది.

తిరిగి వచ్చాక మేనేజరు గది దగ్గరికి వచ్చాడు. "రేపు గుడిసకు మీ బండిని పోనివ్వరు సార్. ఇక్కడి జీపులే వెళ్లాలి. మాది 4,000, మూడింటికి బయలుదేరుతుంది." మా బండే నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే ఫోర్‌వీల్ అన్నాను. "పాతది కదా సార్" అన్నాడు. వద్దన్నాను.

మూడున్నరకు లేచి, హీటర్ ప్లగ్గులు వేడెక్కేదాకా ఆగి జీపు స్టార్ట్ చేశాం. గేటుకు తాళం. వాళ్ల జీపులు మూడింటికే వెళ్లిపోయాయి. కాపలా మనిషిని లేపితే తాళంచెవి మేనేజరు దగ్గర ఉందన్నాడు. మేనేజరు ఊళ్లో ఇంట్లో నిద్రపోతున్నాడు, ఫోను ఎత్తడు. చలిలో గేటు ముందు గంటన్నర పైగా నిలబడ్డాం. ఐదూ పదికి వచ్చి, "రాత్రిళ్లు ఎలుగుబంట్లు తిరుగుతాయి సార్, అందుకే తాళం" అన్నాడు. "ఎలుగుబంటి గేటు తీసుకుని వస్తుందా?" అంది మా అమ్మాయి. నాకు ఆ సమయంలో నోట మాట రాలేదు, అదే మంచిదయింది.

మారేడుమిల్లి నుంచి గుడిసకు సుమారు 40 కిలోమీటర్లు. దారిలో చెక్‌పోస్టు దగ్గర ఉద్యోగి బండి నంబరు రాసుకుని, "ఫోర్‌వీలేనా?" అని అడిగి, రసీదు చేతికిచ్చాడు. అంతే. పాతదా కొత్తదా అని అడగలేదు.

పుల్లంగి ఊరు దాటాక మట్టిదారి వచ్చింది. ముందు రోజు వాన పడింది. మా అమ్మాయి గేజీ పట్టుకుని నాలుగు టైర్లలోనూ గాలి 30 నుంచి 20కి దించింది. టైరు కాస్త పరుచుకుంటే మట్టిని పట్టుకుంటుంది. ఫోర్‌వీల్ లీవరు వేశాను, తర్వాత వేగం తగ్గించి బలం పెంచే లో గేరు లీవరు. ఈ బండిలో ముందు ఫోర్‌వీల్ పడకపోతే లో పడదు. ఆరిన తారురోడ్డు మీద మాత్రం ఫోర్‌వీల్ వేయకండి. మలుపులో ముందు చక్రాలూ వెనక చక్రాలూ తిరగాల్సిన దూరం ఒకటి కాదు, మధ్యలో సర్దడానికి డిఫరెన్షియల్ లేదు, కాబట్టి ఆ బరువంతా గేర్ల మీదా క్రాసుల మీదా పడుతుంది.

ఇంత తెలిసినవాణ్ణి, చక్రాల చాళ్లకు అటూ ఇటూ గట్టు మీద నడపాల్సింది పోయి, చాలులోకే దించాను. కుడి వెనక చక్రం జారి బండి పక్కకు ఒరిగింది. ముందు ఎడమది, వెనక కుడిది గాల్లో తిరుగుతున్నాయి, మిగిలిన రెండూ కదలవు. ఫోర్‌వీల్ ఉన్నా డిఫరెన్షియల్ బలాన్ని సులువుగా తిరిగే చక్రానికే పంపిస్తుంది. నేను ఇంకా తొక్కాను. బురద లేచి మా బావమరిది తెల్ల చొక్కా మీద పడింది.

అప్పుడే పైనుంచి ఒక కమాండర్ జీపు దిగుతూ ఆగింది. ఎవరిదనుకున్నారు? మా బస వాళ్లదే. డ్రైవరు పాతికేళ్ల కుర్రవాడు. దిగి చక్రం కింద చూసి, "తొక్కకండి సార్. ఒక అడుగు వెనక్కి రండి" అన్నాడు. రెండు పలక రాళ్లు తెచ్చి చాలులో పరిచాడు. "ఇప్పుడు లో ఫస్టులో క్లచ్ వదిలేయండి. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయండి. స్టీరింగు కొంచెం అటూ ఇటూ తిప్పండి, చాలు." ఇంజను ఆగిపోతుందేమో అనుకున్నాను. ఆగలేదు. ముసలి ఎద్దు బండి లాగినట్టు ఒక్కో అంగుళమే కదిలి, రాయెక్కి, గట్టు మీదికి వచ్చింది.

మమ్మల్ని పోనివ్వరన్న మాట చెబితే నవ్వాడు. "ఇలాంటి బండ్లు రోజూ వస్తాయి సార్. ఆ 4,000లో నాకొచ్చేది 700." డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. "గ్రీజు గన్ ఉందా?" అన్నాడు. ఇచ్చాను. తన జీపు కమాన్ కట్టల దగ్గర నాలుగు చోట్ల కొట్టుకుని, గన్ తుడిచి తిరిగిచ్చాడు.

పైకి చేరేసరికి ఏడూ నలభై. సూర్యోదయం అయిపోయింది, మేఘాలు మాత్రం కొండల మధ్య ఇంకా పరుచుకునే ఉన్నాయి. గడ్డి మీద మంచు, విపరీతమైన గాలి. ఫోటోల్లో చూసిందే, కానీ ఫోటోల్లో ఆ గాలి ఉండదు. మా ఆవిడ చెప్పులు విప్పి గడ్డిలో నడుస్తూ, "తాళం వేయకపోతే చీకట్లోనే వచ్చేవాళ్లం, అప్పుడు ఇక్కడ ఎంత జనం ఉండేవాళ్లో" అంది. నిజమే, అందరూ దిగిపోయారు. అయినా మేనేజరును క్షమించలేదు నేను.

దిగేటప్పుడు లో ఫస్టులోనే వదిలాను, బ్రేకు దాదాపు ముట్టలేదు. పుల్లంగి దగ్గరికి వస్తుంటే తియ్యటి వాసన, బానెట్ సందుల్లోంచి ఆవిరి. పై హోసు క్లిప్పు పక్కన వేలి గోరంత పగిలింది. ఆ 280 రూపాయల హోసే. చేతులు కాలాక ఆకులు వెతుక్కున్నట్టు, కట్టడానికి ట్యూబు ముక్కయినా దొరుకుతుందేమోనని టూల్ డబ్బా బోర్లించాను. అడుగున పాత పేపరులో చుట్టిన కొత్త హోసు! మేస్త్రి పని అది. నా కళ్లు చెమర్చినంత పనయింది. ఇంజను చల్లారాక రేడియేటర్ మూతను గుడ్డతో తిప్పి, హోసు మార్చాను. మా ఆవిడ, బావమరిది ఊళ్లో బోరింగు దగ్గర నీళ్లు పట్టి తెచ్చారు. కొండరెడ్డి అమ్మమ్మ ఒకావిడ తన బిందె పక్కకు జరిపి వీళ్లకే ముందు కొట్టి ఇచ్చిందట. బురద చొక్కాతో, రెండు చేతుల్లో డబ్బాలతో వస్తున్న మా బావమరిది, "బావా, ఈ బండి అమ్మేస్తే నాకు చెప్పు" అన్నాడు. అమ్మేది లేదన్నాను.

మొత్తం 260 కిలోమీటర్లకు 29 లీటర్ల డీజిలు, 2,840 రూపాయలు. మారేడుమిల్లిలో ఆగేవాళ్లు తెల్లవారుజామున గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుందో ముందు అడగండి. మంచాల సంగతి తర్వాత.

మర్నాడు ఉదయం మిఠాయి పొట్లం, 280 రూపాయలు తీసుకుని షెడ్డుకు వెళ్లాను. మేస్త్రి మిఠాయి తీసుకుని, డబ్బు నా జేబులోనే తిరిగి పెట్టి, "బిల్లు చూడలేదా?" అన్నాడు. అక్కడే మడత విప్పి చూశాను. ఐదో వరస: హోసు, 280.