హోలోగ్రఫీ మైక్రోస్కోపుకి తిరిగే డిస్క్ కిట్: ఆక్వా ల్యాబులకు అవసరమా?

పెట్టెలో వచ్చేవి నాలుగు: 650 నానోమీటర్ల ఎర్ర లేజర్ డయోడ్, ఫోకస్ లెన్సు, గరుకు గాజు డిస్క్, దాన్ని నిమిషానికి 3000 చుట్లు తిప్పే డీసీ మోటార్. భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల చెరువు నీళ్లలో ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు) చూసే లెన్సులేని హోలోగ్రఫీ మైక్రోస్కోపుకి పైన బిగించుకోవాలి. లేజర్ వెలుగులో జీవి చుట్టూ ఏర్పడే వలయాల్ని సెన్సర్ మీద తీసి, కంప్యూటర్‌తో బొమ్మ కట్టేదే ఈ మైక్రోస్కోపు. డిస్క్ నుంచి సెన్సర్‌కి 10 సెంటీమీటర్లు.

లేజర్ గోల, అంటే బొమ్మలో అడ్డొచ్చే మచ్చలు, వలయాలు, చారలు, మొత్తం పోతుందని పెట్టె మీద రాశారు. సగమే నిజం.

అసలు కీలకం డిస్క్ మీద పడే లేజర్ చుక్క సైజు. 50 మైక్రాన్లకు సరిచేస్తే, సెన్సర్‌కి 5 సెంటీమీటర్ల పైనున్న గాజు మీది దుమ్ము దాదాపు 50 మైక్రాన్ల మేర అలుక్కుపోయి దాని వలయాలు మాసిపోతాయి. సెన్సర్‌కి 2 మిల్లీమీటర్లలో ఉన్న డయాటమ్ (ఒక రకం సూక్ష్మ శైవలం) అలుక్కునేది ఒక్క మైక్రానే. లెన్సు స్క్రూ వదులై చుక్క 1 మిల్లీమీటరుకి పెరిగిందా, డయాటమ్ కూడా 20 మైక్రాన్లు మసకబారుతుంది. ఆ స్క్రూకి లాక్‌నట్ (వదులు కాకుండా పట్టి ఉంచే నట్) ఇవ్వకపోవడం పెద్ద లోపం.

డిస్క్ అంచుకి దగ్గరగా, కేంద్రం నుంచి 10 మిల్లీమీటర్ల దూరంలో లేజర్ పడాలి. అప్పుడు 10 మిల్లీసెకన్ల ఎక్స్‌పోజర్‌లో 31 మిల్లీమీటర్ల గాజు దాటుతుంది, అంటే 600 పైచిలుకు వేరువేరు స్పెకిల్ (లేజర్ వెలుగు గరుకు మీద చెదిరి ఏర్పడే చుక్కచుక్కల మచ్చలు) నమూనాలు కలిసి సగటవుతాయి. లెక్క ప్రకారం బొమ్మలో మిగిలే మచ్చల తీవ్రత 4 శాతం. వెలుగు ఎక్కువైందని ఎక్స్‌పోజర్ 1 మిల్లీసెకనుకి తగ్గిస్తే అదే 13 శాతం. కాబట్టి షట్టర్ జోలికి పోకుండా ఫిల్టర్ పెట్టి వెలుగు తగ్గించండి. మోటార్‌ని జనరేటర్ లైన్‌కి కాకుండా బ్యాటరీకి కలపండి, వేగం పడిపోదు. మోటార్ బ్రాకెట్ సెన్సర్ స్టాండుకి తగలకూడదు, అదురు నేరుగా బొమ్మలోకి వస్తుంది.

ముసురు రోజుల్లో ఇంకో తంటా: డిస్క్ గరుకు మీద తేమ పొర కడితే గాజు నున్నగా మారినట్టే, వెలుగు సరిగా చెదరదు. పొడిగా తుడిచాకే వాడాలి.

డిస్క్ ఏమీ చేయలేనిది సెన్సర్ మీది కవర్ గ్లాస్ (సెన్సర్‌ని కప్పే పల్చటి గాజు) లోపల లేజర్ వెలుగు అటూఇటూ తగిలి పడే చారల్ని. అవి సెన్సర్‌కి మరీ దగ్గర, అలుక్కోవు. ఖాళీ స్లైడుతో ఒక ఫ్రేమ్ తీసి అసలు బొమ్మని దానితో భాగిస్తే పోతాయి గానీ, గది వేడెక్కితే డయోడ్ తరంగదైర్ఘ్యం జరిగి చారలూ జరుగుతాయి. ఇరవై నిమిషాలు వెలిగించి ఉంచాకే ఖాళీ ఫ్రేమ్ తీయాలి.

20 నానోమీటర్ల వెడల్పున్న ఎర్ర ఎల్ఈడీకి ఈ చారల బాధే లేదు, దాని కోహెరెన్స్ పొడవు (వెలుగు తరంగాలు లయ తప్పకుండా సాగే దూరం) 21 మైక్రాన్లే. సెడ్జ్‌విక్ రాఫ్టర్ అనే ప్లాంక్టన్ లెక్కించే స్లైడుతో, అంటే 1 మిల్లీమీటరు లోతు నీళ్లతో పని నడిచే ల్యాబుకి పిన్‌హోల్ (సూది మొనంత రంధ్రం) పెట్టిన ఎల్ఈడీ చాలు. 10 మిల్లీమీటర్ల క్యూవెట్‌లో (నీళ్లు పోసే గాజు డబ్బీ) లోతుగా చూసేవాళ్లకి ఎల్ఈడీ 5 మైక్రాన్ల దగ్గరే ఆగిపోతుంది, అంతకంటే చిన్న వివరాలు కనపడవు. వాళ్లు మాత్రం ఈ కిట్ కొని చుక్కని 20 మైక్రాన్లకు బిగించుకోవచ్చు, లాక్‌నట్ విడిగా కొనుక్కుని.