ఉత్తర కొరియా నేత కిమ్ జోంగ్ ఉన్ గురించి తెలుసుకోవాలంటే ఏది మేలు: అక్కడి నుంచి వలస వచ్చినవాళ్ల మాటా, ఉపగ్రహ చిత్రమా, పార్టీ పత్రికా?

చైనా, కొరియా రాజకీయాల మీద పనిచేసే విదేశాంగ విధాన పరిశోధకులకు అసలు చిక్కు ఆధారాలతోనే. ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్యాంగ్ వెళ్లి మంత్రిని ఇంటర్వ్యూ అడగలేరు. దూరం నుంచే చదవాలి. మరి దేన్ని నమ్మి?

2020 ఏప్రిల్ సంగతే చూడండి. తాత కిమ్ ఇల్ సుంగ్ జయంతి, ఏప్రిల్ 15న కిమ్ జోంగ్ ఉన్ కనిపించలేదు. గుండెకు చికిత్స జరిగిందని మొదలైన వార్త కాస్తా ఏకంగా చావు కబురైంది. అదే ఏప్రిల్ 15న దక్షిణ కొరియా పార్లమెంటుకు ఎన్నికైనవాళ్లలో ఇద్దరు ఉత్తరం నుంచి తప్పించుకుని వచ్చినవాళ్లే. ఒకరు థే యోంగ్ హో, లండన్‌లో ఉత్తర కొరియా ఉప రాయబారిగా పనిచేసినాయన. కిమ్ లేచి నిలబడే స్థితిలో లేడన్నారు. రెండో ఆయన జి సోంగ్ హో ఇంకో మెట్టు ఎక్కి, చనిపోయాడని 99 శాతం నమ్మకమన్నారు. మే 2న పత్రికల్లో కిమ్ ఎరువుల ఫ్యాక్టరీ ప్రారంభిస్తున్న ఫొటోలు వచ్చాయి. ఇద్దరూ క్షమాపణ చెప్పుకున్నారు.

ఆ వారాల్లో ఉపగ్రహ చిత్రాలు చెప్పింది కొంచెమే. కిమ్‌ది అనుకునే రైలు తూర్పు తీరంలోని వోన్సాన్‌లో ఆగి ఉంది, అంతే. లోపల ఎవరున్నారో పైనుంచి కనబడదు కదా! ఆ చిత్రాలు విడుదల చేసిన ‘38 నార్త్’ (ఉత్తర కొరియాను గమనించే అమెరికా వెబ్‌సైట్) కూడా అంతకు మించి సాగదీయలేదు. నాకు నచ్చింది అదే.

అలాగని వలస వచ్చినవాళ్ల మాట కొట్టిపారేయకూడదు. సంతలో బియ్యం ఎలా అమ్ముతారు, లంచం ఎవరికి ఇవ్వాలి, ఇలాంటివి వాళ్లు తప్ప ఎవరూ చెప్పలేరు. కానీ ఎక్కువ మంది చైనాను ఆనుకుని ఉన్న ఉత్తర కొరియా రాష్ట్రాలవాళ్లు. రాజధానిలో పైస్థాయి గుట్టు వాళ్లకేం తెలుస్తుంది? పైగా 2019లో దక్షిణానికి 1,047 మంది వస్తే, కరోనాతో సరిహద్దు మూశాక 2021లో వచ్చింది 63 మందే.

వ్యాపారం లెక్కలకైతే చైనా కస్టమ్స్ మేలు. చైనా, ఉత్తర కొరియాల మధ్య వ్యాపారం 2019లో దాదాపు 280 కోట్ల డాలర్లు, మరుసటి ఏడాది 54 కోట్లు. సరిహద్దు ఎంత గట్టిగా బిగించారో ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. అయితే ముడి చమురు ఎగుమతులు 2014 నుంచి ఆ లెక్కల్లో చూపించడం లేదు. చూపించాలనుకున్నదే చూపిస్తారు.

ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు పాలక వర్కర్స్ పార్టీ పత్రిక ‘రొదోంగ్ సిన్‌మున్’కే. చదవడం మహా బోరు, నిజమే. కానీ దక్షిణంతో ఇక ఏకీకరణ లేదు, అది శత్రుదేశమేనని 2023 డిసెంబరు చివర్లో కిమ్ తేల్చేసిన మాట అధికారిక మీడియానే చెప్పింది. 2024 జనవరి 15 ప్రసంగంలో ప్యాంగ్యాంగ్‌లోని ఏకీకరణ తోరణం (రెండు కొరియాలు ఒక్కటవ్వాలని కట్టిన స్మారకం) కంటికి ఇంపుగా లేదన్నాడు. కొద్ది రోజులకే అది నేలమట్టమైందని ఉపగ్రహం చూపించింది. ఉద్దేశం పత్రికలో దొరికింది, రుజువు చిత్రంలో దొరికింది.

ఇంగ్లీష్ అనువాదాలతో సరిపెట్టుకుంటే మాత్రం సగమే దక్కుతుంది. ప్రభుత్వ వార్తాసంస్థ కేసీఎన్ఏ బయటి ప్రపంచం కోసం, ‘రొదోంగ్ సిన్‌మున్’ సొంత జనం కోసం. అమెరికాకు ఇచ్చిన వార్నింగ్ మొదటిదాంట్లో వచ్చి రెండోదాంట్లో రాలేదంటే, వెనక్కి తగ్గడానికి ఇంకా దారి ఉంచుకున్నారేమో అని చూడాలి.