వారంటీ కింద గేర్‌బాక్స్ మరమ్మతు: పనితనానికి వంక లేదు, సమాధానాలకే ఉంది

హైదరాబాద్‌లో ఒక జర్మన్ కార్ల కంపెనీకి చెందిన అధీకృత డీలరు వర్క్‌షాప్‌లో మా కారు గేర్‌బాక్స్‌ను వారంటీ కింద బాగు చేయించుకున్నాను. పని చేసిన టెక్నీషియన్లకు పూర్తి మార్కులు వేస్తాను. కారు అప్పగించుకునే కౌంటర్‌కూ, ఫోన్‌లో సమాధానం చెప్పాల్సిన విభాగానికీ సగం మార్కులు కూడా వేయలేను. ఇంత ఖరీదైన కారు కొన్నవారు వారంటీ ఉంది కదా అని నిశ్చింతగా ఉంటారు కాబట్టి, ఆ వారంటీ ఆచరణలో ఎలా నడుస్తుందో, ఎక్కడ మన పట్టుదల అవసరమవుతుందో వివరంగా రాస్తున్నాను.

మాది రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్‌తో వచ్చిన స్పోర్ట్స్ సెడాన్. గేర్‌బాక్స్ ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ రకం. ఇందులో ఒక క్లచ్ మీద 1, 3, 5, 7 గేర్లు, రెండో క్లచ్ మీద 2, 4, 6 గేర్లతో పాటు రివర్స్ ఉంటాయి. కారు మూడో గేరులో పోతుండగానే నాలుగో గేరు ఎంపికై సిద్ధంగా ఉంటుంది కాబట్టి, ఒక క్లచ్ విడిచి రెండోది పట్టుకోవడమే ఆలస్యం, గేరు మారిపోతుంది. ఈ పట్టువిడుపులన్నీ నడిపించేది గేర్‌బాక్స్‌కు అతుక్కుని ఉండే మెకట్రానిక్స్ యూనిట్. నూనె ఒత్తిడిని అదుపు చేసే వాల్వులు, సెన్సర్లు, కంప్యూటర్ అన్నీ అందులోనే ఒక్కచోట ఉంటాయి. అందులో ఒక్క వాల్వు మొరాయించినా, ఒక్క సెన్సరు తప్పు చెప్పినా, గేర్‌బాక్స్‌లోని పళ్లచక్రాలు ఎంత గట్టిగా ఉన్నా లాభం లేదు. మా కారుకు వచ్చిన జబ్బు సరిగ్గా అదే.

మొదట కనిపించిన లక్షణం వణుకు. మెహిదీపట్నం నుంచి టోలిచౌకి వైపు సాయంత్రం ట్రాఫిక్‌లో, రెండో గేరు నుంచి ఒకటికి దిగేటప్పుడు, కారు కింద ఎవరో తన్నినట్టు ఒక కుదుపు వచ్చేది. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు ఏమీ ఉండేది కాదు, ముప్పావు గంట నడిచి వేడెక్కాక మొదలయ్యేది. ఔటర్ రింగ్ రోడ్డు మీద వంద దాటి పోతున్నప్పుడు మాత్రం ఏ దోషమూ తెలిసేది కాదు. లోపం చెప్పుకోవడంలోని కష్టమంతా ఇక్కడే ఉంది. ఉదయం కారు తీసుకుని వర్క్‌షాప్‌కు వెళ్తే, చల్లటి గేర్‌బాక్స్‌తో ఖాళీ సర్వీస్ రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి తెచ్చి, "అంతా నార్మల్‌గానే ఉంది సార్, డ్యూయల్ క్లచ్ కార్లన్నీ ఇంతే" అని సర్వీస్ అడ్వైజర్ చెప్పేశారు.

అంతకంటే నన్ను కలవరపెట్టింది జాబ్ కార్డు, అంటే కారు అప్పగించేటప్పుడు మన ఫిర్యాదు రాసుకునే కాగితం. నేను చెప్పిన ఫిర్యాదు స్థానంలో "కస్టమర్ జనరల్ చెకప్ కోరారు" అని రాసి సంతకం చేయమన్నారు. నేను చేయలేదు. ఏ గేరులో, ఎంత వేగంలో, ఎంతసేపు నడిచాక, ఎలాంటి కుదుపు వస్తున్నదో నా మాటల్లోనే రాయమని కోరాను. సిస్టమ్‌లో అంత చోటు లేదన్నారు. చోటు ఉందని మేనేజర్ గారు వచ్చి తెరిచి చూపించాక రాశారు. వారంటీ దావాను తయారీ సంస్థ పరిశీలించేటప్పుడు వాళ్ల ముందు ఉండేది కారు కాదు, నేను కాదు, ఆ కాగితమే. వారంటీ గడువు ముగిసే లోపలే ఫలానా లోపం ఫలానా తేదీన నమోదైందని చెప్పే సాక్ష్యం కూడా అదే. "జనరల్ చెకప్" అని ఉన్న కాగితాలు ఎన్ని పోగైనా, గేర్‌బాక్స్ గురించి ఎవరూ ఫిర్యాదు చేయనట్టే లెక్క.

రెండోసారి వెళ్లినప్పుడు మాట మారింది. ఈసారి, "మీ డ్రైవింగ్ స్టయిల్ వల్ల కావచ్చు సార్" అన్నారు. బ్రేకు మీద సగం, యాక్సిలరేటర్ మీద సగం కాలు పెట్టి పాకిస్తే క్లచ్ వేడెక్కుతుందన్నది నిజమే, ఆ సలహా వరకు నేను స్వీకరిస్తాను. కాని లోపం కనుక్కోకముందే నెపం నడిపేవారి మీదకు నెట్టడం వేరు. ఇది మన ఊళ్లోనే పుట్టిన అలవాటు కూడా కాదు. ఆస్ట్రేలియాలో ఫోర్డ్ సంస్థ తన పవర్‌షిఫ్ట్ డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సుల వణుకు గురించి ఫిర్యాదు చేసిన కస్టమర్లకు, అది మీరు నడిపే తీరు వల్లే వస్తున్నదని చెప్పింది. లోపాల సంగతి ముందే తెలిసి కూడా అలా చెప్పినందుకు, ఆ ఫిర్యాదులను సక్రమంగా పరిష్కరించనందుకు 2018 ఏప్రిల్‌లో అక్కడి ఫెడరల్ కోర్టు కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా విధించింది. ఈ సంగతి నేను అడ్వైజర్‌కు మర్యాదగానే చెప్పి, నా పక్క సీట్లో సీనియర్ టెక్నీషియన్‌ను కూర్చోబెట్టుకుని, గేర్‌బాక్స్ వేడెక్కేదాకా ట్రాఫిక్‌లో తిప్పుతానని అడిగాను. ఒప్పుకున్నారు. గచ్చిబౌలి దగ్గర సిగ్నళ్ల మధ్య మూడు కుదుపులు వరుసగా వచ్చాయి. ఆయన ఒడిలో స్కాన్ టూల్ (కారు కంప్యూటర్‌లోని రీడింగులు చదివే పరికరం) పెట్టుకుని, రెండో క్లచ్‌కు అడిగిన ఒత్తిడికీ వచ్చిన ఒత్తిడికీ మధ్య తేడాను నాకు చూపించారు. అడ్వైజర్ ఒప్పుకోని విషయాన్ని ఆయన ఒక్క మాటలో ఒప్పుకున్నారు: "లోపల ప్రెషర్ నిలబడటం లేదండి."

ముందుగా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి, క్లచ్ పట్టుకునే బిందువులను మళ్లీ నేర్పించారు. దీన్నే వాళ్లు అడాప్టేషన్ అంటారు. తయారీ సంస్థ నియమం ప్రకారం ముందు చేయాల్సింది అదేనట, అందులో తప్పు పట్టను. కొన్ని వారాలు కారు పట్టులా నడిచింది. ఆ తర్వాత ఒక రాత్రి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పార్కింగ్ కోసం తిప్పుతుండగా, మీటరు మధ్యలో గేరు అక్షరం మిణుకుమిణుకుమని, గేర్‌బాక్స్ లోపం ఉందని, రివర్స్ పనిచేయదని సందేశం వచ్చింది. ముందు గోడ, వెనుక స్తంభం. "హ్యాండ్‌బ్రేక్ తీశారా సార్?" అని వాచ్‌మన్ అడిగి, ఇంకో ఇద్దరిని పిలిచి వెనక్కి తోయించారు. రెండో క్లచ్ పక్కకు తప్పుకుంటే సరి గేర్లతో పాటు రివర్స్ కూడా పోతుందని, కారు 1, 3, 5, 7 గేర్లతో మాత్రమే కుంటుతుందని పైన చెప్పిన లెక్కను బట్టి మీకే తెలుస్తుంది. రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కు ఫోన్ చేస్తే, నడుపుకుంటూ తెచ్చేయమన్నారు. కారును మీదికెక్కించుకుని తీసుకెళ్లే ఫ్లాట్‌బెడ్ లారీ పంపమని నేను పట్టుబట్టాను, పంపారు. లోపం తెలిసి తెలిసి నడిపినందువల్ల నష్టం పెరిగిందనే వాదన రేపు ఎవరూ ఎత్తకూడదు కదా.

ఇక అసలు వారంటీ పరిశీలన. మా లాంటి కార్ల విషయంలో కంపెనీ మొట్టమొదట చూసేది రీమ్యాప్ చేయించారా, అంటే శక్తి పెంచడానికి ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్పించారా అన్నది. ఇంజిన్ కంప్యూటర్‌లోకి ఎన్నిసార్లు సాఫ్ట్‌వేర్ ఎక్కించారో దానిలోనే లెక్క ఉంటుంది. అసలు సాఫ్ట్‌వేర్ తిరిగి ఎక్కించి తెచ్చినా ఆ లెక్క పెరిగిపోయి కనిపిస్తుంది. శక్తి పెంచిన ఇంజిన్ టార్క్‌ను (తిప్పే బలాన్ని) తట్టుకోలేక క్లచ్ పోయిందంటే కంపెనీ బాధ్యత కాదనడం న్యాయమే. మాది ఎక్కడా ముట్టుకోని కారు కాబట్టి ఆ ఘట్టం ఇబ్బంది లేకుండా గడిచింది. అయితే బ్రేక్ ప్యాడ్లు బయట మార్పించారు కదా, దాని మాటేమిటి అని ఒక ప్రశ్న వేశారు. గేర్‌బాక్స్‌లోని వాల్వుకూ బ్రేక్ ప్యాడ్‌కూ సంబంధం ఏమిటో నాకిప్పటికీ అర్థం కాలేదు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ (మార్కెట్లో పోటీ సక్రమంగా ఉందో లేదో చూసే కేంద్ర సంస్థ) 14 కార్ల కంపెనీలకు రూ. 2,544 కోట్లకు పైగా జరిమానా వేసిన ఉత్తర్వులోనే, బయటి గ్యారేజీలో పని చేయించారన్న ఒక్క కారణంతో వారంటీని మొత్తంగా రద్దు చేసే షరతు పెట్టకూడదని స్పష్టంగా ఉంది. ఆ ఉత్తర్వు మీద కంపెనీలు అప్పీళ్లకు వెళ్లిన మాట వేరే. నేను ఈ సంగతి గుర్తు చేశాక ఆ ప్రశ్న మళ్లీ రాలేదు.

ఆమోదం రావడానికి పట్టిన కాలమే ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే చికాకు పరిచింది. ఇక్కడ డీలరు పక్షం కూడా చెప్పాలి. వారంటీ పని చేసిన డీలరు ఆ ఖర్చును తయారీ సంస్థ నుంచి రాబట్టుకోవాలి. కాగితాల్లో లోపం ఉన్నా, తీసేసిన పాత భాగాన్ని తనిఖీకి భద్రపరచకపోయినా, దావా తిరస్కరణకు గురై ఆ భారం డీలరు నెత్తినే పడుతుంది. కాబట్టి పెద్ద భాగం మార్చే ముందు వాళ్లు జంకడం సహజం. అంతా అర్థం చేసుకోగలను. అర్థం కానిదల్లా, ఆ మాట కస్టమర్‌కు చెప్పడానికి ఏమి అడ్డం? "మీ కేసు ఫలానా తేదీన కంపెనీ సాంకేతిక బృందానికి వెళ్లింది, వాళ్లు ఈ రీడింగులు అడిగారు, పంపాము" అని రెండు వాక్యాల సందేశం పెడితే సరిపోయేది. దానికి బదులు, ఫోన్ చేసిన ప్రతిసారీ "పార్ట్ ఆర్డర్ పెట్టాం సార్" అన్నారు. ఆర్డరే పెట్టలేదని, ఆమోదమే రాలేదని తర్వాత వర్క్‌షాప్ మేనేజర్ గారి ద్వారా తెలిసింది. బదులుగా వాడుకోవడానికి కారు అడిగితే, ఆ సౌకర్యం పాలసీలో లేదన్నారు. లేనిమాట నిజమే, పుస్తకంలో చూసుకున్నాను. నేను నేరుగా కంపెనీ కస్టమర్ కేర్‌కు జాబ్ కార్డులన్నీ జతచేసి మెయిల్ రాసిన తర్వాతే ఫైలు కదిలింది.

మెకట్రానిక్స్ యూనిట్ వచ్చిన రోజు వర్క్‌షాప్ లోపలికి వెళ్లి చూడనిచ్చారు. ఆ పనితనం చూస్తే నాకు ముచ్చటేసింది. యూనిట్‌ను విప్పేముందు టెక్నీషియన్ మణికట్టుకు ఎర్తింగ్ పట్టీ కట్టుకున్నారు, ఒంట్లోని స్థిర విద్యుత్తు కంప్యూటర్ బోర్డును దెబ్బతీయకుండా. పాత నూనెను శుభ్రమైన పళ్లెంలోకి దింపి, అందులో లోహపు రజను ఉందేమోనని టార్చి వేసి చూసి, లేదని నాకు చూపించారు. అంటే క్లచ్ ప్యాక్ (క్లచ్ పలకల కట్ట), గేర్లు క్షేమంగా ఉన్నాయని అర్థం. కొత్త యూనిట్ బిగించి, కొత్త ఫిల్టరు, కొత్త నూనె వేశారు. నూనె మట్టం చూసే పద్ధతి చాలామందికి తెలియదు కాబట్టి చెబుతున్నాను. ఇంజిన్ నడుస్తుండగా, గేర్‌బాక్స్ నూనె వేడి 35 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నప్పుడే, కింది ప్లగ్ తెరిచి, ఎక్కువైన నూనె కారిపోయి చుక్కలుగా మారేదాకా ఆగి మూసేయాలి. వేడి అంతకంటే పెరిగితే నూనె వ్యాకోచించి మట్టం తప్పు చూపిస్తుంది. ఆయన కళ్లు స్కాన్ టూల్ మీద, వేలు ప్లగ్ మీద పెట్టుకుని అలాగే కూర్చున్నారు, పక్కనుంచి ఎవరో పిలిచినా పలకలేదు. తర్వాత యూనిట్‌ను తయారీ సంస్థ సర్వర్‌తో అనుసంధానించి మా కారుకు జత చేసి, అడాప్టేషన్ పూర్తి చేసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకునే రోడ్ టెస్ట్‌కు తీసుకెళ్లారు. అదీ సాయంత్రం ట్రాఫిక్‌లోనే, నేను అడగకుండానే.

ఇప్పుడు కారు కొత్తలో ఎలా ఉండేదో అలాగే ఉంది. రెండు నుంచి ఒకటికి దిగినట్టు సూది చూస్తే తప్ప తెలియదు. స్పోర్ట్ మోడ్‌లో గేరు దించినప్పుడు ఇంజిన్ తనంతట తాను ఒక్క విదిలింపుతో వేగం సరిచూసుకునే ఆ చప్పుడు మళ్లీ వింటుంటే, ఈ కారు ఎందుకు కొన్నానో గుర్తొస్తున్నది. బిల్లులో భాగానికీ, కూలీకీ, నూనెకూ నా వంతు సున్నా. నూనె "కన్స్యూమబుల్" (వాడకంలో ఖర్చయిపోయే సరుకు) కింద వస్తుందని మొదట బిల్లులో వేశారు. వారంటీ మరమ్మతులో భాగంగా తప్పనిసరిగా మార్చాల్సి వచ్చిన నూనె కదా అని అడగ్గానే తీసేశారు. మీ బిల్లులో ఈ పద్దు ఉంటే తప్పక అడగండి.

డీలరు కదలకపోతే ఏం చేయాలని కొందరు మిత్రులు అడుగుతున్నారు. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. ఆ పైన 2020 జూలై 20 నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. మీరు చెల్లించిన ధర రూ. 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్‌కు, అది దాటి రూ. 2 కోట్ల దాకా ఉంటే రాష్ట్ర కమిషన్‌కు. అక్కడ తయారీ లోపాన్ని నిరూపించడానికి నిపుణుల పరీక్ష అవసరం కావచ్చు. అప్పుడు కూడా ముందుగా అడిగేది తేదీలవారీ జాబ్ కార్డులనే.

మా మామూలు వారంటీ గడువు త్వరలో ముగుస్తున్నది. ఇదే డీలరు దగ్గర పొడిగింపు వారంటీ తీసుకుంటున్నాను, ఆ టెక్నీషియన్ల చేతుల మీద నమ్మకం కుదిరింది కాబట్టి. అయితే డబ్బు కట్టేముందు పాలసీ పూర్తి ప్రతిని తెప్పించుకుని, "గేర్‌బాక్స్" అన్న ఒక్క మాటతో సరిపెట్టకుండా మెకట్రానిక్స్ యూనిట్, క్లచ్ ప్యాక్ పేర్లు విడివిడిగా ఉన్నాయో లేదో చూశాను. మెకట్రానిక్స్ ఉంది, క్లచ్ ప్యాక్ అరిగిపోయే భాగాల జాబితాలోకి పోయింది. దాని గురించి రాతపూర్వకంగా వివరణ అడిగాను, అది చేతికి వచ్చాకే చెక్కు ఇస్తాను.