జిమ్నీకి 40 మి.మీ. లిఫ్ట్ కిట్: పెట్టెలో వచ్చేదీ, రానిదీ

ఐదు డోర్ల మారుతి జిమ్నీ 2023 జూన్‌లో అమ్మకానికి వచ్చింది. అప్పటినుంచి ఓనర్లు ఒకటే అడుగుతున్నారు: పెద్ద టైర్లు వేయాలి, ఏ లిఫ్ట్ కిట్ (బండిని ఎత్తు చేసే స్ప్రింగులు, షాకుల సెట్) కొనమంటారు? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. ముందు టైరు సైజు తేలాలి. ఆ సైజుకు ఎంత లిఫ్ట్ కావాలో, అసలు కావాలో వద్దో తర్వాత తెలుస్తుంది.

కంపెనీ ఇచ్చే (స్టాక్) టైరు 195/80 ఆర్15, అంటే వెడల్పు 195 మి.మీ., పక్క గోడ ఎత్తు అందులో 80 శాతం, రిమ్ 15 అంగుళాలు. కొలిస్తే ఎత్తు 693 మి.మీ. దానిపైన ఉన్న మొదటి సైజు 215/75 ఆర్15, ఎత్తు 703 మి.మీ. పెరిగేది పది మి.మీ. మాత్రమే. 5.5 అంగుళాల స్టాక్ రిమ్మే దీనికి సరిపోతుంది, లిఫ్ట్ అక్కర్లేదు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? అడవి రోడ్డు, ఘాట్ రోడ్డు, అప్పుడప్పుడు బురద, అంతవరకే మీ పని అయితే ఈ సైజు మంచి ఆల్‌టెరెయిన్ (తారు, మట్టి రెండింటికీ పనికొచ్చే) టైరు వేసుకుని ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు.

ఎక్కువమంది మనసు పడేది 235/75 ఆర్15 మీద. ఎత్తు 733 మి.మీ., అంటే స్టాక్ కంటే 40 మి.మీ. ఎక్కువ. అందులో సగం, 20 మి.మీ., డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్య ఉండే గేర్ల డబ్బా) కింద గ్యాప్‌గా దక్కుతుంది. జిమ్నీకి ముందూ వెనకా రిజిడ్ యాక్సిలే (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు) కాబట్టి, స్ప్రింగులు ఎంత ఎత్తువి వేసినా డిఫరెన్షియల్ అంగుళం కూడా లేవదు. దాన్ని లేపేది టైరొక్కటే. లిఫ్ట్ లేపేది బాడీని, ఛాసిస్‌ను. ఐదు డోర్ల బండికి అదీ అవసరమే, ఎందుకంటే వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2,590 మి.మీ., ర్యాంప్ ఓవర్ యాంగిల్ (పొట్ట తగలకుండా దాటగలిగే గట్టు కోణం) 24 డిగ్రీలే. గట్టు దాటేటప్పుడు పొట్ట తగిలేది అందుకే. 40 మి.మీ. లిఫ్టుకు టైరు ఇచ్చే 20 కలిస్తే పొట్ట 60 మి.మీ. లేస్తుంది, ఆ యాంగిల్ సుమారు ఐదు డిగ్రీలు మెరుగవుతుంది. ఈ ఒక్క లాభం కోసమైనా కిట్‌కు మార్కులు వేయొచ్చు.

ఇక కిట్ సంగతి. 40 మి.మీ. తరగతి కిట్లలో మామూలుగా వచ్చేవి నాలుగు స్ప్రింగులు, నాలుగు పొడవాటి గ్యాస్ షాక్ అబ్జార్బర్లు, కాసిని బుష్‌లు (కీళ్లలో ఉండే రబ్బరు తొడుగులు). ఓల్డ్ మ్యాన్ ఈము లాంటి ఆస్ట్రేలియా కిట్లు ఈ తరగతివే. షాకులు బాగుంటాయి. స్టాక్ జిమ్నీలో స్పీడ్ బ్రేకర్ దాటాక కనిపించే ఊగు తగ్గుతుంది, మలుపులో బాడీ వాలడం తగ్గుతుంది, గతుకుల మట్టి రోడ్డు మీద గంటసేపు నడిపినా షాకు వేడెక్కి చేతులెత్తేయదు. స్ప్రింగుల దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. విదేశాల్లో అమ్మే కిట్లలో చాలావరకు మూడు డోర్ల బండికి తయారైనవి. దాని వీల్‌బేస్ 2,250 మి.మీ., బరువు కూడా మన బండి కంటే తక్కువ. అమ్మేవాడు 'జిమ్నీకే సార్' అంటే ఊరుకోకండి, ఐదు డోర్లకా అని, ఎంత అదనపు బరువుకు చేసిన స్ప్రింగో అని అడగండి. ముందు స్టీల్ బంపర్, విన్చ్ (ఇరుక్కున్న బండిని లాగే మోటారు తాడు) ఉంటే ముందు స్ప్రింగు గట్టిది కావాలి. ఇద్దరే కూర్చుని ఖాళీ డిక్కీతో తిరిగే బండికి లగేజీ స్ప్రింగు వేస్తే ప్రతి గతుక్కీ వెనక భాగం బంతిలా ఎగురుతుంది. ఆ తర్వాత తప్పు షాకు మీదికి నెడతారు.

పెట్టెలో రానివాటి గురించి ఎక్కువ చెప్పాలి.

మొదటిది క్యాస్టర్, అంటే స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రం ఏ కీలు మీద మళ్లుతుందో ఆ కీలు వెనక్కి వాలిన కోణం. ముందు యాక్సిల్‌ను పట్టుకునే రెండు లీడింగ్ ఆర్మ్‌లు ఛాసిస్ దగ్గర ఒక చోట కీలులా తిరుగుతాయి. బాడీ లేస్తే యాక్సిల్ మొత్తం కొంచెం తిరిగిపోతుంది, క్యాస్టర్ తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో ఇంట్లోనే లెక్క వేయొచ్చు: ఆర్మ్ పొడవు ఛాసిస్ దగ్గరి బుష్ మధ్య నుంచి యాక్సిల్ మధ్య వరకు మి.మీ.లో కొలిచి, లిఫ్టును దానితో భాగించి 57తో గుణించండి. 700 మి.మీ. ఆర్మ్‌కు 40 మి.మీ. లిఫ్ట్ అంటే మూడు డిగ్రీల పైమాటే. ఫలితం హైవే మీద తెలుస్తుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రాదు, ఎనభై దాటితే బండి లేన్‌లో అటూ ఇటూ వెతుక్కుంటుంది. మందు ఆఫ్‌సెట్ రంధ్రం ఉన్న క్యాస్టర్ కరెక్షన్ బుష్‌లు. వాటిని నొక్కడానికి ప్రెస్ మెషిన్ కావాలి, సుత్తితో కొడితే బుష్ చిరుగుతుంది. రంధ్రం ఏ వైపు ఉండాలో బుష్ మీద గుర్తు ఉంటుంది. తలకిందులుగా బిగిస్తే పోయిన మూడు డిగ్రీలకు ఇంకో మూడు కలుస్తాయి.

రెండోది పాన్‌హార్డ్ రాడ్. యాక్సిల్‌ను పక్కకు జరగకుండా ఆపే అడ్డ రాడ్ ఇది. బాడీ లేచేసరికి రాడ్ వాలు పెరిగి యాక్సిల్ ఒక పక్కకు ఐదు నుంచి పది మి.మీ. జరుగుతుంది. టైరు ఒక వైపు ఆర్చ్ (చక్రం మీది మడ్‌గార్డ్ అంచు) నుంచి బయటికి, ఇంకో వైపు లోపలికి. తాపీ మేస్త్రి గోడకు వేలాడదీసే గుండుదారం తెచ్చి నాలుగు ఆర్చ్‌ల నుంచి వేలాడదీసి, టైరుకు ఎంత దూరమో కొలిస్తే తేడా బయటపడుతుంది. అడ్జస్టబుల్ పాన్‌హార్డ్ రాడ్‌లు ముందుకొకటి, వెనక్కొకటి కొంటే ఇది సరవుతుంది. 40 మి.మీ. లిఫ్ట్, 215 టైరుకైతే వీటిని వాయిదా వేసుకోవచ్చు. 235 వేస్తే ఆ పది మి.మీ. తేడాయే ఒక వైపు టైరును రాకిస్తుంది, అప్పుడు వాయిదా కుదరదు.

మూడోది బ్రేకు గొట్టాలు, ఏబీఎస్ వైర్లు, యాక్సిల్ బ్రీదర్ గొట్టం (యాక్సిల్ లోపలి గాలి బయటికి పోయేది). చక్రం పూర్తిగా వేలాడినప్పుడు ఇవి బిగుసుకోకూడదు. కొన్ని చోట్ల బ్రాకెట్టును కిందికి దించే ముక్క చాలు, కొన్ని చోట్ల పొడవాటి గొట్టమే కావాలి. జాకీ మీద యాక్సిల్‌ను పూర్తిగా వదిలేసి, స్టీరింగ్ రెండు వైపులా తిప్పి చూస్తేనే తేలుతుంది.

నాలుగోది చాలామంది మర్చిపోయేది: బంప్ స్టాప్, చక్రం మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మ. పొడవాటి షాకుకు ముడుచుకున్నప్పటి పొడవు కూడా ఎక్కువే. గట్టి గుంటలో పడితే రబ్బరు బంప్ స్టాప్ తగలకముందే షాకు లోపల పిస్టన్ అడుగుకు తగిలితే సీలు పోతుంది, ఆయిల్ కారుతుంది. కిట్ తయారీదారు చెప్పిన మందం స్పేసర్ బంప్ స్టాప్ కింద పెట్టాలి. టైరుకు కూడా కాపలా ఇదే. స్ప్రింగు 40 మి.మీ. ఎత్తుదైనా, చక్రం పూర్తిగా లోపలికి నొక్కుకుంటే టైరు పాత చోటికే వెళ్తుంది. లిఫ్ట్ వేశాం కాబట్టి రాకదు అనుకోవడం అందుకే తప్పు. నిలబడి ఉన్నప్పుడు అరచేయి పట్టేంత ఖాళీ కనిపిస్తుంది, బురద గుంటలో ఒక చక్రం లేచినప్పుడు అదే టైరు ఆర్చ్ లోపలి ప్లాస్టిక్ లైనర్‌ను కొరుకుతుంది.

కాబట్టి స్ప్రింగులు ఎక్కించకముందే ఒక పరీక్ష చేయించండి. స్ప్రింగు లేకుండా చక్రం బిగించి, యాక్సిల్ కింద ట్రాలీ జాకీ పెట్టి బంప్ స్టాప్ తగిలేదాకా లేపాలి. టైరు భుజాలకు సుద్ద రుద్ది, స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పాలి. సుద్ద ఎక్కడ అంటుకుందో అదే రాకిడి చోటు. 235 టైరుకు మామూలుగా అంటేది ముందు బంపర్ వెనక మూల, లోపలి ప్లాస్టిక్ లైనర్, పూర్తిగా తిప్పినప్పుడు లీడింగ్ ఆర్మ్. బంపర్ మూల కోయొచ్చు, లైనర్‌ను హీట్ గన్‌తో వెనక్కి నొక్కొచ్చు. ఆర్మ్‌కు తగిలితే స్టీరింగ్ స్టాప్ బోల్టును కొంచెం బయటికి తీయాలి. అంటే తిరిగే వలయం పెరుగుతుంది, యూ టర్నులో తెలుస్తుంది. పొడిగా ఉన్నప్పుడు పది మి.మీ. సందు చాలనుకునేవాళ్లు నల్లరేగడిలో ఒక వాన తర్వాత నడిపి చూడాలి. రేగడి టైరు చుట్టూ చుట్టుకుని లైనర్‌తో కలిసి గట్టిపడితే పది కాదు, ఇరవై మి.మీ. కూడా మాయమవుతాయి. సన్నటి టైరు ఆ మట్టిని కోసుకుంటూ కింద గట్టి నేల వెతుక్కుంటుంది, వెడల్పుది పైన తేలి జారుతుంది. రేగడి నేలల్లో ఎక్కువ తిరిగేవాళ్లకు 235 కంటే 215 మేలనడానికి ఇది రెండో కారణం.

రిమ్ లెక్క కూడా చెప్పుకోవాలి. 235/75 ఆర్15కి రిమ్ వెడల్పు కనీసం ఆరు అంగుళాలు ఉండాలి. స్టాక్ 5.5 అంగుళాల రిమ్ మీద బలవంతంగా ఎక్కిస్తే టైరు మధ్య ఉబ్బి, అంచులు నేలకు ఆనవు. కొత్త రిమ్ కొనేటప్పుడు ఐదు బోల్టులు, 139.7 మి.మీ. పీసీడీ (బోల్టులు కూర్చునే వలయం వ్యాసం), 108 మి.మీ. మధ్య రంధ్రం, వీటితోపాటు ఆఫ్‌సెట్ (రిమ్ వెడల్పు మధ్య గీత నుంచి హబ్‌కు ఆనే ముఖం ఎంత దూరమో) చూడండి. స్టాక్ ఆఫ్‌సెట్ ప్లస్ 5. సున్నా ఆఫ్‌సెట్ రిమ్ మీద 235 వేస్తే టైరు లోపలి గోడ ఆర్మ్‌కు 15 మి.మీ. దగ్గరవుతుంది, బయటి గోడ 25 మి.మీ. బయటికొస్తుంది. లోపలి దూరం స్టాక్‌లాగే ఉండాలంటే మైనస్ 15 కావాలి, అప్పుడు బయటికి 40 మి.మీ. పొడుచుకొస్తుంది. హబ్ బేరింగ్ మీద భారం, కిటికీల దాకా బురద, రెండూ దానివెంటే. సున్నాకూ మైనస్ ఐదుకూ మధ్య ఆగి, స్టాప్ బోల్టు సర్దుకోవడం మా సలహా.

బిగించే వర్క్‌షాపును ఒక్క ప్రశ్నతో అంచనా వేయొచ్చు: రబ్బరు బుష్ బోల్టులు ఎప్పుడు టైట్ చేస్తారు? బండి లిఫ్టు మీద వేలాడుతున్నప్పుడే పూర్తిగా బిగించేస్తామంటే అక్కడినుంచి వచ్చేయండి. బుష్ లోపలి స్లీవ్ ఆ వేలాడే భంగిమలోనే అతుక్కుపోతుంది. బండి కిందికి దిగాక రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది, కొన్ని నెలలకే చిరుగుతుంది, ఎత్తు కూడా తప్పుగా కనిపిస్తుంది. బోల్టులు వదులుగా పెట్టి, బండిని నాలుగు చక్రాల మీద దించి, రెండు మూడుసార్లు ఊపి, అప్పుడు టార్క్ రెంచితో బిగించాలి. పని మొదలెట్టకముందు సమతల నేల మీద నాలుగు హబ్‌ల మధ్య నుంచి ఆర్చ్ అంచు వరకు కొలిచి రాయించుకోండి. పూర్తయ్యాక మళ్లీ కొలిస్తే ఎంత లిఫ్ట్ వచ్చిందో వాదన ఉండదు. వీల్ నట్లకు 100 న్యూటన్ మీటర్లు. 100 కిలోమీటర్లకు నట్లు, 500 కిలోమీటర్లకు బోల్టులన్నీ మళ్లీ చూడాలి. అలైన్‌మెంట్‌లో ఈ బండికి సర్దగలిగేది టో (ముందు చక్రాలు లోపలికో బయటికో చూసే కోణం) ఒక్కటే, క్యాస్టర్ అంతా బుష్‌ల మీదే. స్టీరింగ్ చక్రాన్ని డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్సును చక్రాలకు కలిపే రాడ్) దగ్గర సర్ది మధ్యకు తేవాలి. వంకరగా వదిలేస్తే ఈఎస్‌పీ (బండి జారకుండా తనే బ్రేకు వేసే సిస్టమ్) బండి మలుపు తిరుగుతోందనుకుని అక్కర్లేని చోట బ్రేకు పట్టవచ్చు. హెడ్‌లైట్లు కిందికి దించడం ఆఖరి పని, అదీ ఎక్కువ చోట్ల జరగదు.

టైరు ఆరు శాతం పెద్దదైతే మీటరు 80 చూపిస్తే బండి 85 దగ్గర ఉంటుంది. 134 న్యూటన్ మీటర్ల టార్క్ ఉన్న 1.5 లీటర్ ఇంజనుకు ఆ ఆరు శాతం చిన్నది కాదు. మాన్యువల్‌లో ఘాట్ ఎక్కేటప్పుడు ఒక గేరు కిందే నడుస్తుంది, నాలుగు గేర్ల ఆటోమేటిక్‌లో ఇంకా తెలుస్తుంది. ఫోర్ వీల్ డ్రైవ్‌లోని నెమ్మది గేర్లలో, అంటే లో రేంజ్‌లో మాత్రం ఇబ్బంది లేదు. 30 అంగుళాల టైరు, అంటే 762 మి.మీ., పది శాతం తేడా. దానికి ఆర్చ్ కోతతోపాటు ట్రాన్స్‌ఫర్ కేసులో (ముందు, వెనక యాక్సిళ్లకు శక్తి పంచే డబ్బా) గేర్లు మార్చాలి, ఈ కిట్ దానికోసం కాదు.

65–75 స్పీడులో గతుకు తగిలాక ముందు భాగం గజగజ వణికి, బ్రేకు వేస్తే గానీ ఆగకపోతే స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ కుదుపును మింగే చిన్న షాకు) కొనిపించే మెకానిక్‌లు ఎక్కువ. డ్యాంపర్ ఆ వణుకును కప్పిపెడుతుంది. ముందు చక్రాల బ్యాలెన్సింగ్, పాన్‌హార్డ్ బుష్, నకల్‌లోని (ముందు చక్రం మళ్లే కీలు) కింగ్‌పిన్ బేరింగుల లూజు, ఆ తర్వాత క్యాస్టర్, ఈ వరుసలో చూడండి.

స్టాక్ స్ప్రింగు కింద 30–40 మి.మీ. స్పేసర్ పెట్టి షాకు పాతదే ఉంచే చౌక కిట్‌ను మేం ఎవరికీ చెప్పం. షాకు పొడవు పెరగలేదు కాబట్టి చక్రం వేలాడినప్పుడల్లా అది తన చివరి హద్దుకు 'ఠక్' మని లాగబడుతుంది, కొన్నాళ్లకు మౌంటు ఊడుతుంది.

చట్టం వైపు కూడా మెత్తగా చెప్పడానికి లేదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చింది. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. బీమా కంపెనీకి చెప్పకుండా మారిస్తే క్లెయిమ్ దగ్గర వాళ్లకు సాకు దొరుకుతుంది. స్టాక్ స్ప్రింగులు, షాకులు, టైర్లు అమ్మకుండా దాచుకోవడం ఇందుకే.

టైర్లు నాలుగు కాదు, ఐదు కొనండి. పాత సైజు స్టెప్నీ ఒక చక్రానికి వేసి ఫోర్ వీల్ డ్రైవ్‌లో పెడితే ముందు యాక్సిల్‌కూ వెనక యాక్సిల్‌కూ తిరిగే లెక్క కుదరక ట్రాన్స్‌ఫర్ కేసు మీద ఒత్తిడి పడుతుంది. ఐదోది వెనక డోర్‌కు వేలాడుతుంది, ఆల్‌టెరెయిన్ 235 స్టాక్ టైరు కంటే కొన్ని కిలోలు బరువు. బరువైన రిమ్ కూడా తోడైతే డోర్ కీళ్లు కిందికి వాలి లాక్ సరిగ్గా పడదు. డోర్ మూసేటప్పుడు కొంచెం ఎత్తాల్సి వస్తోందంటే కీళ్ల బోల్టులు చూసుకునే వేళయింది.