కూపర్స్ కార్బొనేషన్ డ్రాప్స్: సీసా సైజు చూసి వేస్తే సూపర్, గుడ్డిగా వేస్తే సోసో

మెల్‌బోర్న్‌లో మన తెలుగువాళ్ళలో ఇంట్లో బీరు కాచుకునే బ్యాచ్ మెల్లగా పెరుగుతోంది (ఇక్కడ సొంతానికి కాచుకుంటే ఎవరూ ఏమీ అనరు, అమ్మకూడదంతే), కొత్తగా మొదలెట్టిన ప్రతివాడూ అడిగేది ఒకటే, గ్యాస్ సరిగ్గా ఎలా పట్టిస్తారన్నా అని. ఆ పనికి ఇక్కడ ఎక్కువమంది వాడేది కూపర్స్ వాళ్ళ కార్బొనేషన్ డ్రాప్స్ (గ్యాస్ పట్టించే చక్కెర బిళ్ళలు), నేనూ చాలా బ్యాచ్‌లకి అవే వాడా కాబట్టి ఈ రివ్యూ.

తెలియనివాళ్ళకి ముందు అసలు సంగతి. బీరు పులిసి ఆగిపోయాక అందులో గ్యాస్ పెద్దగా మిగలదు, 20 డిగ్రీల దగ్గర లీటరు బీరులో లీటరు గ్యాస్ కన్నా కాస్త తక్కువే. అందుకని సీసాల్లో పట్టేటప్పుడు కొంచెం చక్కెర వేసి మూత బిగిస్తాం, బీరులో ఇంకా బతికున్న ఈస్ట్ ఆ చక్కెర తిని గ్యాస్ వదుల్తుంది, బయటికి పోయే దారి లేక అది బీరులోనే కరుగుతుంది. పొద్దున దింపిన కల్లుని సీసాలో పోసి మూత గట్టిగా బిగిస్తే మధ్యాహ్నానికి ఏమవుతుందో ఊళ్ళో పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఇదీ అదే, కాకపోతే ఇక్కడ ఎంత పులవాలో చక్కెర కొలతతో మనం డిసైడ్ చేస్తాం. కూపర్స్ అడిలైడ్ కంపెనీ, 1862 నుంచి ఉంది, వాళ్ళ గ్రీన్ లేబుల్ పేల్ ఏల్, రెడ్ లేబుల్ స్పార్క్లింగ్ ఏల్ అనే బీర్లు కూడా సీసాలోనే ఇలా రెండోసారి పులుస్తాయి, అడుగున ఈస్ట్ మడ్డి కనపడేది అందుకే, ఇక్కడి జనం సీసాని బల్ల మీద ఒకసారి దొర్లించి మరీ తెరుస్తారు.

డ్రాప్ అంటే ఇంకేం లేదు, గట్టి చక్కెర బిళ్ళ. నా కిచెన్ తూకం మీద ఒక్కోటి 3 గ్రాములు అటూ ఇటూ ఉంటుంది. ప్యాకెట్ మీద లెక్క సింపుల్, 375 మి.లీ. సీసాకి ఒకటి, 740 మి.లీ. సీసాకి రెండు. మూతి దగ్గర పెట్టి వదిలితే టక్కున అడుక్కి పోతుంది, దాని చుట్టూ సన్నగా బుడగలు లేస్తాయి, మూత బిగించి పక్కన పెట్టడమే. స్పూన్లు, గరాటు, చక్కెర ఒలికి చీమలు పట్టడం ఏమీ ఉండవు, అన్నిటికంటే మెయిన్ పాయింట్ ఏంటంటే ఒకే సైజు సీసాలు వాడితే ఈ సీసాలో ఎక్కువ ఆ సీసాలో తక్కువ అనే గొడవ ఉండదు. బకెట్‌లో చక్కెర నీళ్ళు కలిపే పద్ధతిలో సరిగ్గా కలవకపోతే ఒక సీసా చప్పగా, ఇంకోటి తెరవగానే సీలింగ్‌కి కొట్టేలా వస్తాయి.

ఇప్పుడు అసలు విషయం. సుమారుగా లీటరుకి 4 గ్రాముల చక్కెర వేస్తే ఒక వాల్యూమ్ గ్యాస్ వస్తుంది, అంటే లీటరు బీరులో లీటరు గ్యాస్ అన్నమాట. 375లో ఒక డ్రాప్ అంటే లీటరుకి 8 గ్రాములు, ముందే ఉన్న గ్యాస్‌తో కలిపితే 2.9 వాల్యూమ్‌ల దాకా పోతుంది. లాగర్‌లు (తేలికపాటి బీర్లు) తాగేవాళ్ళకి ఇది బానే ఉంటుంది, గ్లాసులో పోస్తే నురగ నిలబడుతుంది, నాలిక మీద చురుక్కుమంటుంది. అదే డ్రాప్ 330 సీసాలో వేస్తే 3 దాటిపోతుంది, నాకైతే ఎక్కువే. స్టౌట్‌కి (నల్లటి బీరు), ఇంగ్లీష్ స్టైల్ బిట్టర్ అనే బీరుకి 2 చుట్టుపక్కల ఉండాలి, వాటికి ఈ డ్రాప్స్ వేస్తే స్టౌట్‌లోని ఆ కాఫీ, చాక్లెట్ రుచి లాంటివి కింద పడిపోయి గ్యాసే ముందుకొస్తుంది. అలాగని జర్మన్ గోధుమ బీరుకి ఇవి చాలవు, దానికి 3.3 పైనే కావాలి, దానికి మందం సీసాలు కూడా కావాలి.

నేను కనిపెట్టిన బెస్ట్ కాంబినేషన్ 500 మి.లీ. సీసాకి ఒకే డ్రాప్. లీటరుకి 6 గ్రాములు పడుతుంది, 2.4 దగ్గర ఆగుతుంది, పేల్ ఏల్‌కి, ఐపీఏకి (చేదు ఎక్కువుండే ఏల్) సరిగ్గా అదే కావాలి. ప్యాకెట్ మీద ఈ సైజు లేదు కదా, 375కి ఒకటి, 740కి రెండు అంటే దీనికి ఒకటిన్నర అనుకుని రెండు వేసేస్తారు కొంతమంది, అలా చెయ్యొద్దు బాబూ, అది 4 దగ్గరికి పోతుంది, మామూలు గాజు సీసా అయితే పేలే ప్రమాదం ఉంది, గాజు పెంకులు ఇల్లంతా. స్టౌట్ కాచినప్పుడు మాత్రం నేను డ్రాప్స్ పక్కన పెట్టి 23 లీటర్లకి 100 గ్రాముల మామూలు పంచదార కప్పు నీళ్ళలో మరిగించి చల్లార్చి, ఖాళీ బకెట్‌లో పోసి, దాని మీదకి బీరుని పైపుతో మెల్లగా దింపుతా. తూకం ఉండాలి, కొంచెం ఓపిక ఉండాలి.

ఒకటి మాత్రం చెప్పాలి, గ్యాస్ ఎక్కువైందని డ్రాప్స్‌ని తిట్టేవాళ్ళలో చాలామంది అసలు పులవడం పూర్తవకముందే సీసాల్లో పట్టేసినవాళ్ళే. హైడ్రోమీటర్ (బీరులో చక్కెర ఎంత మిగిలిందో చూపే పరికరం) రీడింగ్ రెండు మూడు రోజులు కదలకుండా ఉంటేనే పట్టాలి, లేకపోతే మిగిలిన చక్కెర మీద ఈ చక్కెర కూడా తోడై కొంప ముంచుతుంది. సీసాలు సరిగ్గా కడక్కపోయినా అంతే, వేరే ఈస్ట్ దూరి మన ఈస్ట్ వదిలేసిన చక్కెర కూడా తినేస్తుంది. ఇక అస్సలు గ్యాస్ రాలేదు అనేవాళ్ళ సంగతి, మెల్‌బోర్న్ చలికాలంలో గరాజ్‌లో పెడితే ఎలా వస్తుందండి, 18 డిగ్రీల పైన కనీసం రెండు వారాలు ఉంచాలి. ప్లాస్టిక్ సీసాలైతే చేత్తో నొక్కి చూడొచ్చు, పట్టిన రోజు లొట్ట పడే సీసా తర్వాత బొటనవేలితో నొక్కినా లొంగదు, అప్పుడు ఫ్రిజ్‌లో పెట్టి ఒకట్రెండు రోజులాగండి, చల్లబడితేనే గ్యాస్ బీరులో బాగా కరుగుతుంది, పెట్టిన గంటకే తెరిస్తే నురగే మిగుల్తుంది.

ధర విషయానికొస్తే పావుకిలో ప్యాకెట్ కిలో పంచదార కన్నా ఎక్కువే, చక్కెరకి అంత డబ్బా అని మా ఆవిడ అడిగింది, అడగడంలో న్యాయం ఉంది. కానీ 23 లీటర్ల బ్యాచ్ మొత్తానికి ఒక్క ప్యాకెట్ పెట్టినా ఇంకా మిగుల్తాయి, సీసాలు పట్టే రోజు పని సగానికి సగం తగ్గుతుంది, అందుకే నేను కొంటూనే ఉంటా. 5కి 4 ఇస్తా, ఆ ఒక్కటి తగ్గించింది స్టౌట్ గురించి, సగం డ్రాప్ అమ్మితే అదీ ఇచ్చేసేవాణ్ణి (కత్తితో సగానికి కొడదామనుకోకండి, పొడి పొడి అవుతుంది). ప్యాకెట్ విప్పాక మిగిలినవి గాలి చొరబడని డబ్బాలో పోసి పెట్టుకోండి, తేమ తగిలితే ఒకదానికొకటి అతుక్కుపోయి సీసా మూతిలో పట్టవు.